సియెనా కేథరిన్

సియెనా కేథరిన్ (1347 మార్చి 25 - 1380 ఏప్రిల్ 29) ఇటలీ దేశంలోని సియెనా నగరానికి చెందిన కాథలిక్ భక్తురాలు, రచయిత్రి. ఈమె అసలు పేరు కాతెరీనా బెనిన్కాసా. కాథలిక్ క్రైస్తవ సంఘం (శ్రీసభ) ఈమెను 1461లో పునీతురాలిగా ప్రకటించింది. 1970లో శ్రీసభ పండితురాలు అనే బిరుదునిచ్చింది. నేటి ఫ్రాన్సులోని అవిన్యోన్ నగరంలో నివసిస్తున్న పోపును తిరిగి రోముకు రమ్మని కోరి, స్వయంగా అక్కడికి వెళ్ళిన స్త్రీగా ఈమె చరిత్రలో ప్రసిద్ధి చెందింది.

కేథరిన్ మఠంలో జీవించిన సన్యాసిని అని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. ఈమె చిన్ననాడే తన జీవితాన్ని దేవునికి అంకితం చేసుకున్నది కాని ఏ మఠంలోనూ చేరలేదు. తల్లిదండ్రుల ఇంట్లోను, నగర వీధులలోను, వైద్యశాలలలోను, ప్రయాణాలలోను ఈమె జీవితం గడిచింది. ఆనాడు గౌరవప్రదమైన కుటుంబాలలోని ఆడపిల్లలకు వివాహం, మఠం అనే రెండు దారులే సాధారణంగా కనిపించేవి. కేథరిన్ మూడవ దారిని ఎన్నుకుని, దానికోసం ఇంట్లోవారిని, సంఘాన్ని ఒప్పించవలసి వచ్చింది.

నేపథ్యం

పద్నాలుగో శతాబ్దంలో సియెనా టస్కనీ ప్రాంతంలోని స్వతంత్ర నగర రాజ్యం. వర్తకం, వడ్డీ వ్యాపారం, వస్త్ర పరిశ్రమ దాని సంపదకు మూలాలు. పొరుగున ఉన్న ఫ్లోరెన్సుతో దానికి తరచు పోటీ ఉండేది. 1348లో ఐరోపాను ముంచెత్తిన మహామారి (ప్లేగు) సియెనా జనాభాలో పెద్ద భాగాన్ని బలిగొన్నది. నగర ప్రధాన దేవాలయాన్ని విస్తరించడానికి తలపెట్టిన నిర్మాణం ఆ విపత్తుతో ఆగిపోయింది. సగంలో నిలిచిన ఆ గోడలు ఇప్పటికీ సియెనాలో కనిపిస్తాయి. అప్పటికి కేథరిన్ ఏడాది పసిబిడ్డ. తరువాత కూడా ప్లేగు పలుమార్లు తిరిగి వచ్చింది కనుక ఈమె తరం వారందరూ మృత్యువును దగ్గరగా చూస్తూ పెరిగినవారే.

మతపరంగా కూడా అది కల్లోల కాలము. 1309 నుండి పోపులు రోములో కాక అవిన్యోన్‌లో నివసించసాగారు. ఇటలీలోని పోపు రాజ్యాన్ని వారి ప్రతినిధులు పాలించేవారు. ఆ పాలనపై ఇటాలియన్ నగరాలలో తీవ్రమైన అసంతృప్తి ఉండేది.

బాల్యం

కేథరిన్ సియెనాలోని ఫొంటెబ్రాండా పేటలో జన్మించింది. తండ్రి జాకొపో బెనిన్కాసా బట్టలకు రంగులు అద్దే వృత్తి చేసేవాడు. తల్లి పేరు లాపా. ఆ పేటలో ఉన్న పెద్ద నీటి ఊట రంగులద్దేవారికి, తోళ్ళు పదును చేసేవారికి ఆధారం. జాకొపో ఇంటి కింది భాగంలో పనిశాల ఉండేది, పై భాగంలో కుటుంబం ఉండేది. అది పేద కుటుంబం కాదు, అలాగని ప్రభువుల కుటుంబమూ కాదు.

ఈ దంపతులకు సుమారు 25 మంది సంతానం కలిగారు. వారిలో చాలామంది చిన్నతనంలోనే చనిపోయారు. కేథరిన్‌తో పాటు పుట్టిన కవల శిశువు కూడా కొద్దికాలానికే మరణించింది. తల్లి స్వయంగా పాలిచ్చి పెంచగలిగిన బిడ్డ కేథరిన్ ఒక్కతే అని, అందువలన ఆమె మీద తల్లికి ప్రత్యేకమైన మమకారం ఉండేదని చరిత్రకారులు వ్రాశారు.

ఆరేళ్ళ వయసులో అన్న స్టెఫానోతో కలిసి అక్క ఇంటినుండి తిరిగి వస్తుండగా, శాన్ డొమెనికో దేవాలయం పైన ఆకాశంలో క్రీస్తు దర్శనమిచ్చాడని కేథరిన్ తరువాతి కాలంలో తన ఆత్మగురువుకు తెలియజేసింది. ఏడేళ్ళ వయసులో తాను జీవితాంతం కన్యగా ఉంటానని దేవునికి ఒంటరిగా ప్రమాణం చేసింది. ఈ ప్రమాణానికి సాక్షులు లేరు. చాలాకాలం వరకు ఇంట్లో ఎవరికీ దీని గురించి తెలియదు.

వివాహ నిరాకరణ

ఆనాటి ఆచారం ప్రకారం 12 ఏళ్ళు వచ్చేసరికి కేథరిన్‌కు పెళ్ళి ప్రయత్నాలు ప్రారంభమయ్యాయి. పెళ్ళయిన అక్క బొనవెంతూరా మాటకు లోబడి కొంతకాలం ఆమె అందంగా అలంకరించుకోవడానికి ఒప్పుకున్నది. కాని 1362లో బొనవెంతూరా ప్రసవ సమయంలో మరణించింది. ఈ మరణం కేథరిన్‌ను కలచివేసింది. అలంకరణకు మనసిచ్చినందుకు ఆమె జీవితాంతం పశ్చాత్తాప పడింది.

తల్లిదండ్రులు పెళ్ళి విషయంలో పట్టుబట్టారు. డొమినికన్ సభకు చెందిన తొమ్మాసో డెల్లా ఫొంటే అనే గురువు బెనిన్కాసా ఇంటిలోనే పెరిగినవాడు. ఇంట్లోవారు కేథరిన్‌కు నచ్చజెప్పమని ఆయననే కోరారు. అయితే ఆయన ఆమె నిశ్చయాన్ని గ్రహించి, అది దృఢమైనదే అయితే జుట్టు కత్తిరించుకోమని సలహా ఇచ్చాడు. కేథరిన్ వెంటనే ఆ పని చేసి తలపై ముసుగు వేసుకున్నది. విషయం తెలిసిన తల్లి ఆగ్రహించింది.

అప్పటినుండి ఇంట్లో ఆమెకు కష్టకాలం మొదలైనది. ఆమెకు ఉన్న ప్రత్యేకమైన గదిని తీసివేశారు. పనిమనిషిని మానిపించి వంట, ఇంటి చాకిరీ అంతా ఆమెకు అప్పగించారు. ఏకాంతంగా ప్రార్థన చేసుకునే తీరిక, చోటు లేకపోతే పిల్ల దారికి వస్తుందని వారి ఆలోచన. కేథరిన్ ఎదురు చెప్పలేదు. తండ్రికి వడ్డించేటప్పుడు క్రీస్తుకు వడ్డిస్తున్నానని, తల్లిని మరియమాతగా, అన్నదమ్ములను అపొస్తలులుగా భావించుకుంటూ పనులన్నీ చేసింది. చోటు లేని ఇంట్లో తన మనసులోనే ఒక గదిని కట్టుకున్నది. దానిలోనుండి తనను ఎవరూ బయటికి పంపలేరని ఆమె నమ్మకం. ఈ అంతరంగపు గది అనే భావన తరువాత ఆమె బోధలన్నిటికీ పునాది అయినది. తీరికలేని తన ఆత్మగురువు రేమండ్‌కు కూడా ఆమె దీనినే ఉపదేశించింది.

కొంతకాలానికి తండ్రి జాకొపో మెత్తబడ్డాడు. కేథరిన్ ప్రార్థన చేస్తుండగా ఆమె తలపై తెల్లని పావురం వాలి ఉండడం ఆయన చూశాడని జీవిత చరిత్ర చెబుతుంది. ఇకపై ఆమెను ఎవరూ ఇబ్బంది పెట్టరాదని, పెళ్ళి ప్రసక్తి తేరాదని ఆయన ఇంట్లో అందరికీ ఆజ్ఞాపించాడు. ఆమె గది ఆమెకు తిరిగి వచ్చింది.

మాంటెల్లాటె సమాజం

1298లో పోపు 8వ బోనిఫేస్ జారీ చేసిన శాసనం ప్రకారం సన్యాసినులందరూ మఠపు ఆవరణ దాటకుండా జీవించాలి. ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప వారు బయటికి రారాదు, బయటివారు లోపలికి పోరాదు. కనుక సన్యాసిని అయిన స్త్రీకి పేదల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే వీలు ఉండేది కాదు.

ఈ నియమం వర్తించని భక్త సమాజాలు కొన్ని ఉండేవి. సియెనాలో డొమినికన్ సభకు అనుబంధంగా ఉన్న పశ్చాత్తాప సోదరీమణుల సమాజం వాటిలో ఒకటి. వీరు తెల్లని వస్త్రం, దానిపై నల్లని పై వస్త్రం ధరించేవారు. ఆ పై వస్త్రం కారణంగా వీరిని జనులు మాంటెల్లాటె అని పిలిచేవారు. వీరు తమ తమ ఇళ్ళలోనే ఉంటూ ప్రార్థన, ఉపవాసం, దానధర్మాలు, రోగుల సేవ చేసేవారు. మఠ సన్యాసినులు చేసే వ్రతాలు వీరికి ఉండేవి కావు.

ఈ సమాజంలో ఎక్కువమంది వయసు మళ్ళిన వితంతువులు. తనకంటూ ఇల్లు ఉండి, తన నడవడికి తానే బాధ్యత వహించగలిగిన స్త్రీకే ఈ జీవనం తగినదని వారి అభిప్రాయం. యవ్వనంలో ఉన్న కన్యను చేర్చుకుంటే అపనిందలు వస్తాయని వారు మొదట కేథరిన్‌ను నిరాకరించారు. ఆ తరువాత కేథరిన్‌కు జబ్బు చేసి ముఖమంతా పొక్కులు లేచాయి. తనను ఆ సమాజంలో చేర్చకపోతే బ్రతకనని ఆమె తల్లిని వేడుకున్నది. బిడ్డ దక్కదేమో అనే భయంతో లాపా స్వయంగా వెళ్ళి ఆ స్త్రీలను ప్రాధేయపడింది. వారు వచ్చి రోగిని పరిశీలించి, ఆమె మాటతీరుకు సంతృప్తి చెంది అంగీకరించారు. ఈ విధంగా పెళ్ళికోసం పట్టుబట్టిన తల్లి చేతుల మీదుగానే కేథరిన్ కోరిక నెరవేరింది. ఆమెకు అప్పుడు సుమారు 17 ఏళ్ళు.

ఏకాంతవాసం

సమాజంలో చేరిన తరువాత సుమారు మూడేళ్ళపాటు కేథరిన్ తండ్రి ఇంటిలోని చిన్న గదిలో ఏకాంతంగా గడిపింది. దేవాలయానికి వెళ్ళడానికి, పాపసంకీర్తనం చేయడానికి తప్ప బయటికి వచ్చేది కాదు, మాట్లాడేది కాదు. ఈ కాలంలోనే చదవడం నేర్చుకున్నది. పలకల మీద పడుకోవడం, నిద్ర, ఆహారం బాగా తగ్గించడం వంటి కఠిన నియమాలు పాటించింది.

సుమారు 1368లో క్రీస్తు తనను ఆత్మీయంగా వివాహమాడి ఉంగరం తొడిగినట్లు ఆమెకు దర్శనం కలిగింది. ఆ ఉంగరం తనకు తప్ప ఇతరులకు కనిపించదని ఆమె చెప్పేది. అంతటితో ఆమె శాశ్వతంగా ఏకాంతంలో ఉండిపోగలదని ఎవరైనా అనుకుంటారు. కాని జరిగినది దానికి విరుద్ధము. గది విడిచి ఇంట్లోవారితో కలిసి భోజనానికి కూర్చోమని, మనుషుల మధ్యకు వెళ్ళమని క్రీస్తు తనను ఆదేశించినట్లు ఆమె గ్రహించింది. మొదట బాధపడినా ఆ ఆదేశానికి లోబడింది. దేవునిపై ప్రేమకు పొరుగువారిపై ప్రేమ తప్ప వేరే రుజువు లేదని ఆమె తరువాతి రచనలలో పదే పదే చెప్పడానికి ఈ మలుపే మూలం.

రోగుల సేవ

కేథరిన్ మళ్ళీ ఇంటిపనులలో పాలుపంచుకున్నది. ఇంటి సరకులను పేదలకు ధారాళంగా పంచిపెట్టేది. తండ్రి దీనికి అనుమతి ఇచ్చాడు. మిగిలినవారిలో కొందరు మాత్రం తమ వస్తువులకు తాళాలు వేసుకునేవారని చెబుతారు. 1368 ఆగస్టులో తండ్రి మరణించాడు. అదే సంవత్సరం సియెనాలో ప్రభుత్వం తారుమారైనది. తరువాత కుటుంబ వ్యాపారం దెబ్బతిన్నది, సోదరులలో కొందరు ఫ్లోరెన్సుకు తరలిపోయారు.

సియెనా ప్రధాన దేవాలయానికి ఎదురుగా ఉన్న శాంటా మరియా డెల్లా స్కాలా వైద్యశాలలో కేథరిన్ రోగులకు సేవ చేసేది. రాత్రివేళల్లో కూడా అక్కడే ఉండేది. నగరం వెలుపల కుష్ఠురోగుల ఆశ్రమంలో ఒక స్త్రీకి ఆమె ఎంతోకాలం స్వయంగా కట్లు కట్టి వండిపెట్టింది. ఆ రోగి కృతజ్ఞతకు బదులుగా ఆమెను నిందించేది. కూతురికి కూడా ఆ జబ్బు అంటుకుంటుందని లాపా భయపడింది. కేథరిన్ సేవ మానలేదు. చివరికి ఆ రోగి మరణించినపుడు తానే ఖననం చేసింది.

ఆండ్రియా అనే మరొక మాంటెల్లాటె స్త్రీకి రొమ్ముపై పుండు పడి దుర్వాసన రావడంతో ఇతరులు దగ్గరికి పోవడానికి జంకేవారు. కేథరిన్ ఆమెకు సేవ చేయసాగింది. అయినప్పటికీ ఆండ్రియా కేథరిన్ శీలం గురించి అపవాదు ప్రచారం చేసింది. సమాజంలోని పెద్దలు కేథరిన్‌ను పిలిచి విచారించారు. యువతిని చేర్చుకోవడానికి వారు మొదట ఏ కారణంగా జంకారో ఆ ప్రమాదమే ఎదురైనది. మఠపు గోడలు లేని అంకిత జీవితానికి రక్షణ కూడా లేదని ఈ సంఘటన తెలుపుతుంది. కేథరిన్ తన నిర్దోషిత్వాన్ని తెలిపి మళ్ళీ ఆ రోగి వద్దకే వెళ్ళింది. కొంతకాలానికి ఆండ్రియా తన మాటలు అబద్ధమని అందరి ముందు ఒప్పుకున్నది.

1374లో సియెనాలో ప్లేగు మళ్ళీ చెలరేగినపుడు కేథరిన్ రోగుల మధ్యనే ఉన్నది. ఆ సంవత్సరమే డొమినికన్ సభ పెద్దలు ఫ్లోరెన్సులో సమావేశమైనపుడు ఆమె అక్కడికి వెళ్ళింది. కాపువా ఊరికి చెందిన రేమండ్ అనే విద్వాంసుడిని ఆమెకు ఆత్మగురువుగా నియమించారు. మొదట సందేహించిన రేమండ్ కాలక్రమంలో ఆమెకు సన్నిహితుడై, ఆమె మరణానంతరం జీవిత చరిత్ర వ్రాశాడు.

నికొలో డి తోల్డో అనే పెరూజియా యువకునికి సియెనా ప్రభుత్వం రాజకీయ కారణాలతో మరణశిక్ష విధించింది. తీవ్రమైన నిరాశలో ఉన్న అతడిని కేథరిన్ చెరసాలలో కలిసి ధైర్యం చెప్పింది. వధ్యస్థలానికి తానే ముందుగా వెళ్ళి వేచి ఉండి, శిక్ష అమలు జరుగుతున్నపుడు అతని తలను తన చేతులలోకి తీసుకున్నది. ఈ విషయాన్ని రేమండ్‌కు వ్రాసిన ఉత్తరంలో స్వయంగా వివరించింది. ఆమె ఉత్తరాలలో ఎక్కువగా చదవబడేది ఇదే.

శిష్యబృందం

కేథరిన్ చుట్టూ క్రమంగా ఒక బృందం ఏర్పడింది. అందులో మాంటెల్లాటె స్త్రీలతో పాటు గురువులు, ప్రభు కుటుంబాల యువకులు, కవులు, చిత్రకారులు ఉండేవారు. ప్రభు కుటుంబానికి చెందిన వితంతువు అలెస్సియా సరచీని ఆమెకు ఆప్తురాలు. కవి నేరి డి లాండోచ్చో, స్టెఫానో మకోనీ, బార్దుచ్చో కనిజానీ ఆమెకు లేఖకులుగా పనిచేశారు. చిత్రకారుడు ఆండ్రియా వన్ని గీసిన ఆమె చిత్రం సియెనాలోని శాన్ డొమెనికో దేవాలయంలో ఉన్నది. తమకంటే పెద్ద చదువులు చదివినవారు, వయసులో పెద్దవారు కూడా ఆమెను అమ్మా అని పిలిచేవారు. అప్పటికి ఆమె వయసు 30 లోపే.

అవిన్యోన్ ప్రయాణం

1375లో ఫ్లోరెన్సు నాయకత్వంలో పలు నగరాలు పోపు పాలనపై తిరగబడ్డాయి. దీనిని ఎనిమిది మంది పునీతుల యుద్ధం అంటారు. 1376లో పోపు 11వ గ్రెగరీ ఫ్లోరెన్సు నగరంలో దివ్యపూజలను నిషేధించాడు. కేథరిన్ ఇరుపక్షాలకూ ఉత్తరాలు వ్రాస్తూ సంధికోసం ప్రయత్నించింది. 1376 జూన్ 18న ఆమె తన బృందంతో అవిన్యోన్ చేరింది. పోపుకు ఆమె టస్కన్ భాష, ఆమెకు లాటిన్ భాష రావు కనుక రేమండ్ దుబాసీగా వ్యవహరించాడు.

సంధి ప్రయత్నం అప్పుడు ఫలించలేదు. ఫ్లోరెన్సు రాయబారులు ఆలస్యంగా వచ్చి ఆమెను పట్టించుకోలేదు. అయితే పోపును రోముకు తిరిగి వెళ్ళమని ఆమె గట్టిగా కోరింది. గ్రెగరీకి ఆ ఉద్దేశం ముందునుండే ఉన్నది కాని బంధువులు, కార్డినల్స్ వారిస్తుండడంతో వెనుకాడుతున్నాడు. 1376 సెప్టెంబరు 13న ఆయన అవిన్యోన్ విడిచి 1377 జనవరి 17న రోములో ప్రవేశించాడు. ఈ మార్పు పూర్తిగా కేథరిన్ వల్లనే జరిగిందని భక్తులు చెబుతారు. రాజకీయ కారణాలు కూడా బలంగా ఉన్నాయని, వెనుకాడుతున్న వ్యక్తికి ఆమె ధైర్యాన్నిచ్చిందని చరిత్రకారులు భావిస్తారు.

1377లో సియెనా సమీపంలో బెల్కారో అనే చోట తనకు దానంగా వచ్చిన కోటను కేథరిన్ స్త్రీల మఠంగా మార్చింది. ఇతర స్త్రీలకు మఠం స్థాపించిన ఆమె తాను మాత్రం అందులో చేరలేదు.

1378లో పోపు తరఫున సంధికోసం ఫ్లోరెన్సు వెళ్ళింది. జూన్ నెలలో నగరంలో అల్లర్లు చెలరేగి ఆయుధాలు ధరించిన గుంపు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె పారిపోక వారి ఎదుట మోకరించి తనను తీసుకుని తోటివారిని విడిచిపెట్టమని కోరింది. వారు ఏమీ చేయలేక వెళ్ళిపోయారు. ఆ తరువాత జూలైలో ఫ్లోరెన్సుకు, కొత్త పోపుకు మధ్య సంధి కుదిరింది.

మహా విభేదం, మరణం

11వ గ్రెగరీ 1378 మార్చి 27న మరణించాడు. ఏప్రిల్‌లో 6వ అర్బన్ పోపుగా ఎన్నికయ్యాడు. ఆయన కఠిన స్వభావం వలన కార్డినల్స్ విరోధులై, ఆ ఎన్నిక చెల్లదని ప్రకటించి సెప్టెంబరులో 7వ క్లెమెంట్‌ను మరొక పోపుగా ఎన్నుకున్నారు. ఐరోపా దేశాలు రెండుగా చీలిపోయాయి. 1417 వరకు కొనసాగిన ఈ చీలికను పాశ్చాత్య మహా విభేదం అంటారు. పోపు రోముకు తిరిగి రావాలని శ్రమించిన కేథరిన్‌కు, ఆయన వచ్చిన రెండేళ్ళకే సంఘం చీలిపోవడం పెద్ద దెబ్బ.

అర్బన్ పిలుపుపై 1378 నవంబరులో కేథరిన్ రోముకు వెళ్ళింది. అక్కడ తన బృందంతో కలిసి భిక్షపై ఆధారపడి జీవిస్తూ, రాజులకు, రాణులకు, కార్డినల్స్‌కు అర్బన్ పక్షాన ఉత్తరాలు వ్రాసింది. అర్బన్‌కు కూడా కోపం తగ్గించుకోమని హెచ్చరిస్తూ వ్రాసింది. ఇవేవీ విభేదాన్ని ఆపలేకపోయాయి.

ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆహారం దాదాపుగా మానివేసింది. 1380 ప్రారంభంలో నీరు కూడా తీసుకోలేని స్థితి వచ్చింది. నడవలేని స్థితిలో కూడా కొన్ని వారాలపాటు రోజూ పునీత పేతురు దేవాలయానికి వెళ్ళి ప్రార్థన చేసేది. 1380 ఏప్రిల్ 29న 33 ఏళ్ళ వయసులో రోములో మరణించింది. తల్లి లాపా అప్పటికి జీవించే ఉన్నది. కూతురి జుట్టు కత్తిరింపును చూసి ఆగ్రహించిన ఆ తల్లి కాలక్రమంలో తానూ మాంటెల్లాటె వస్త్రం ధరించింది. కేథరిన్ దేహాన్ని రోములోని శాంటా మరియా సోప్రా మినర్వా దేవాలయంలో ఉంచారు. కొన్నేళ్ళకు ఆమె శిరస్సును సియెనాకు తరలించారు.

రచనలు

కేథరిన్ వ్రాయించిన ఉత్తరాలలో సుమారు 380 లభించాయి. పోపులు, రాజులు, సైన్యాధిపతులు, ఖైదీలు, దర్జీలు, గృహిణులు మొదలైన అన్ని వర్గాలవారికి ఈ ఉత్తరాలు ఉన్నాయి. 1377-78 కాలంలో ఆమె సంభాషణ అనే గ్రంథాన్ని లేఖకులకు చెప్పి వ్రాయించింది. ఇది దేవునికి, ఆత్మకు మధ్య సంవాద రూపంలో ఉంటుంది. ఇందులో క్రీస్తును భూమికి, పరలోకానికి మధ్య వంతెనగా వర్ణించింది. ఇవికాక 26 ప్రార్థనలు ఉన్నాయి. పండితుల లాటిన్‌ను కాక ప్రజల టస్కన్ భాషను వాడినందున ఇటాలియన్ సాహిత్య చరిత్రలో కూడా ఈమెకు స్థానం లభించింది. రంగుల పని, నీటి ఊట, ద్రాక్షతోట, వంటిల్లు వంటి నిత్యజీవిత విషయాలు ఆమె ఉపమానాలలో కనిపిస్తాయి.

విమర్శలు, పరిశీలనలు

కేథరిన్ గురించిన సమాచారానికి ప్రధాన ఆధారం రేమండ్ 1395లో ముగించిన జీవిత చరిత్ర. ఆమెను పునీతురాలిగా నిరూపించాలనే ఉద్దేశంతో వ్రాసిన గ్రంథం కనుక దానిలోని అద్భుతాలను చరిత్రకారులు జాగ్రత్తగా పరిశీలిస్తారు. ఫ్రెంచి చరిత్రకారుడు రాబర్ట్ ఫాటియే ఆమె పుట్టిన సంవత్సరాన్ని కూడా శంకించాడు. అయితే ఉత్తరాలు ఆమె స్వభావాన్ని నేరుగా తెలుపుతున్నాయి.

ఆమె ఉపవాసాల గురించి ఆనాడే వివాదం ఉన్నది. కొందరు దానిని కపటమని, మరికొందరు సైతాను పని అని అన్నారు. తినమని ఆత్మగురువులు ఆదేశించినా తినలేకపోతున్నానని, ఇది తన ఇష్టంతో చేస్తున్నది కాదని ఆమె సమాధానమిచ్చింది. 1985లో రుడాల్ఫ్ బెల్ దీనిని నేటి ఆహార సంబంధమైన మానసిక రుగ్మతలతో పోల్చాడు. 1987లో కారొలిన్ బైనమ్ మధ్యయుగ స్త్రీల భక్తిలో ఆహారానికి ఉన్న అర్థాన్ని దృష్టిలో పెట్టుకుని చూడాలని వాదించింది. ఆమె క్రూసేడు యుద్ధాన్ని సమర్థించడం కూడా నేటి పాఠకులకు ఇబ్బంది కలిగించే విషయం.

గౌరవాలు

సియెనాకు చెందిన పోపు 2వ పయస్ 1461లో కేథరిన్‌ను పునీతురాలిగా ప్రకటించాడు. 1939లో 12వ పయస్ ఈమెను, అస్సీసి ఫ్రాన్సిస్‌ను ఇటలీ పాలక పునీతులుగా ప్రకటించాడు. 1970 అక్టోబరు 4న 6వ పాల్ శ్రీసభ పండితురాలు బిరుదునిచ్చాడు. 1999లో రెండవ జాన్ పాల్ ఈమెను ఐరోపా పాలక పునీతులలో చేర్చాడు. ఈమె పండుగ ఏప్రిల్ 29న జరుపుతారు. పండితురాలు బిరుదు పొందిన స్త్రీలు నలుగురు: అవిలా తెరేసా, కేథరిన్, లిసియూ తెరేసా, బింగెన్ హిల్డెగార్డ్. వీరిలో మఠ సన్యాసిని కానిది కేథరిన్ ఒక్కతే.

తరువాతి కాలంపై ప్రభావం

కేథరిన్ మరణానంతరం ఆమె శిష్యులు మాంటెల్లాటె జీవన విధానానికి అధికారిక ఆమోదం కోసం కృషి చేశారు. 1405లో పోపు 7వ ఇన్నొసెంట్ ఆ సమాజపు నియమావళిని ఆమోదించాడు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి చెందిన లిమా రోజ్ (1586-1617) కేథరిన్‌ను ఆదర్శంగా తీసుకుని, తల్లిదండ్రుల ఇంటి తోటలో చిన్న కుటీరంలో అంకిత జీవితం గడిపింది. అమెరికా ఖండాలనుండి పునీతురాలిగా ప్రకటించబడిన మొదటి వ్యక్తి ఈమె.

లోకంలో ఉద్యోగం, వృత్తి చేసుకుంటూ దేవునికి అంకితమై జీవించేవారికి కాథలిక్ చట్టంలో స్పష్టమైన స్థానం ఏర్పడడానికి మరికొన్ని శతాబ్దాలు పట్టింది. 1947 ఫిబ్రవరి 2న పోపు 12వ పయస్ ఇటువంటివారి సంస్థలకు గుర్తింపు ఇచ్చాడు. వీటి సభ్యులు బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత పాటిస్తూ సాధారణ ఇళ్ళలోనే జీవిస్తారు. 1970లో, ఇళ్ళలో నివసించే స్త్రీలను బిషప్పు కన్యలుగా అంకితం చేసే ప్రాచీన విధిని పునరుద్ధరించారు. 1983 నాటి శ్రీసభ చట్టం ఈ రెంటికీ స్థానం కల్పించింది. కేథరిన్ వీటిలో దేనికీ చెందినది కాదు. ఆమె కాలంలో ఇవి లేవు. ఏడేళ్ళ వయసులో సాక్షులు లేకుండా ఒక బాలిక చేసిన ప్రమాణం వంటిదానికి ఇప్పుడు చట్టంలో ఒక పేరు, ఒక విధి ఉన్నాయి. ఆమెకు మాత్రం తండ్రి ఇంటి వంటగది, వైద్యశాల, ఎవరూ తీసివేయలేని అంతరంగపు గది మాత్రమే ఉండేవి.